ఈలమ్మ చెప్పిన ఒక్క వాక్యం

ఈలమ్మ. వయస్సు యాభై ఆరు సంవత్సరాలు. పురపాలక గ్రంథాలయంలో పిల్లల గదికి ఆయా. అదే గ్రంథాలయంలోని నకలు గుమాస్తాకు ఆమె పంతొమ్మిది సంవత్సరాలుగా తెలుసు. ఇద్దరి నడుమా ఉన్నది ఒక్క చెక్క గోడ. ఇటువైపు ఆయన బల్ల, అటువైపు ఆమె గది. ఈ క్రింద వ్రాసినదంతా ఆయన కళ్ళారా చూసినది, లేదా ఆ గోడ గుండా చెవులారా విన్నది.

ఈలమ్మ అన్నది రికార్డులో ఉన్న పేరు కాదు. నాలుగు సంవత్సరాల క్రితం వరకు ఆమె అందరికీ వట్టి ఆయా. ఉదయం గది ఊడవడం, చిన్న కుర్చీలు సర్దడం, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ వదిలేసిన పుస్తకాలను తిరిగి అరలలో పెట్టడం ఆమె పని. అటువంటి రోజులలో, ఊరు విడిచి వెళ్తున్న ఒక కుటుంబం వారు తాము పెంచుకుంటున్న రెండు గినీపిగ్‌లను పంజరంతో సహా పిల్లల గదికి ఇచ్చి వెళ్ళారు. తోక లేని, పొట్టి కాళ్ళ, బొద్దు ప్రాణులు. నల్లదానికి బొగ్గు అనీ తెల్లదానికి దూది అనీ పిల్లలు పేర్లు పెట్టారు. రెండూ ఆడవే. బొగ్గు వయసులో పెద్దది.

నెల తిరగకముందే అవి ఆయా చెప్పుల చప్పుడు గుర్తుపట్టాయి. ఆమె వరండా మలుపు తిరిగిందో లేదో, లోపల నుంచి రెండు సన్నని ఈలలు చెవులు చిల్లులు పడేటట్టు మొదలయ్యేవి. గ్రంథాలయ అధికారిణి వచ్చినా, కమిటీ పెద్దలు వచ్చినా అవి నోరు మెదిపేవి కావు. ఆయా వస్తేనే ఈల. ఆ విధంగా ఆమె ఈలమ్మ అయింది.

వాటిని సాకే పద్ధతి ఆమెకు ఎవరూ తరగతి పెట్టి నేర్పలేదు. రెండు వీధుల అవతల ఉన్న పశువుల ఆసుపత్రికి పంజరాన్ని చంకన పెట్టుకొని వెళ్ళి, అక్కడి డాక్టరుగారిని ప్రశ్నలతో ఊపిరి సలపనివ్వకుండా చేసి నేర్చుకుంది. పంజరం అడుగున ఉన్న తీగ వల అరికాళ్ళను కోస్తుందని తెలిసిన రోజునే దానిపై అట్ట పరిచి, అట్టపై మందపాటి ఉన్ని గుడ్డ పరిచింది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక నమలడానికి ఎండుగడ్డి ఎప్పుడూ నిండుగా ఉండాలన్నది. పంజరాన్ని కిటికీ ఎండకూ, ఫ్యాను గాలికీ దూరంగా జరిపింది. భయపడినప్పుడు దూరడానికి రెండు వైపులా ద్వారాలున్న అట్టపెట్టె పెట్టింది. ద్వారం ఒక్కటే ఉంటే ఒకటి లోపల చిక్కుకొని రెండవదానితో తగవు పడుతుందట. పిల్లలు వాటిని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలి, నేల మీద కూర్చోవాలి. "నిలబడి ఎత్తుకుంటే, జారి పడితే నడుం విరుగుతుంది నాన్నా. కూర్చుని ఒళ్ళో పెట్టుకో. ఒక చెయ్యి ఎదురు రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద. ఆఁ, అలాగ. మా తల్లే," అని ఆమె చెప్పే మాట గుమాస్తాకు కంఠతా వచ్చేసింది.

నలుగురిలో పెదవి విప్పని ఒక పాప, దూదిని ఒళ్ళో పెట్టుకొని దానికి కథలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. గోడకు ఇవతల గుమాస్తా కూడా ఆ కథలన్నీ విన్నాడు. విన్నట్లు ఎవరికీ చెప్పలేదు.

నకలు గుమాస్తా గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. ఆఫీసులో కంప్యూటరు వచ్చినా, గోడకు పెట్టే ప్రతి నోటీసూ, సిబ్బందికి ఇచ్చే ప్రతి ఉత్తర్వూ ఆయన చేతివ్రాతలో ఉండడం అక్కడి ఆనవాయితీ. ముప్పయి ఒక్క సంవత్సరాల ఉద్యోగంలో ఆయన మూలంలో లేని మాట ఒక్కటి కలపలేదు, ఉన్న మాట ఒక్కటి విడవలేదు. దానిని ఆయన తన నిజాయితీ అనుకున్నాడు. చాలా కాలం ఇతరులు కూడా అలాగే అనుకున్నారు.

ఆయన బల్ల మీద టపా తూచే త్రాసు ఉంటుంది. ఒక సోమవారం ఈలమ్మ బొగ్గును తెచ్చి తిన్నగా ఆ త్రాసులో కూర్చోబెట్టింది.

"ఏమ్మా, అది టపా తూచే త్రాసు. ఎలకల్ని తూచేది కాదు."

"మెల్లిగా అనండి గుమాస్తాగారూ. ఎలక అంటే దానికి రోషం."

"ఆఫీసు ఆస్తి అమ్మా అది."

"ఇదీ ఆఫీసు ఆస్తేనండి. రిజిస్టర్లో మీరే ఎక్కించారు. ఆస్తి మీద ఆస్తి పెట్టాను, తప్పేముంది?"

గుమాస్తా టపా కవర్లు పక్కకు జరిపాడు. ఆనాటి నుంచి ప్రతి సోమవారం పదకొండు గంటలకు తూకం జరిగేది. ఆమె అంకె చెప్పేది, ఆయన గొణుక్కుంటూ పాత కవరు వెనుక వ్రాసేవాడు.

"ఎందుకమ్మా ఈ తూకాలు? కళ్ళకు బాగానే కనిపిస్తున్నాయి కదా," అని ఒకసారి అడిగాడు.

"అదేనండి వీటితో చిక్కు. జబ్బు చేసినా బయటపడనివ్వవు. నీరసంగా కనిపిస్తే ఏ పెద్ద జంతువో పట్టుకుపోతుందని వీటికి పుట్టుకతోనే భయం. మనకు కనిపించేసరికి చెయ్యి దాటిపోతుంది. అందుకే ముందు త్రాసు చెప్పాలి," అన్నది ఈలమ్మ.

ఆ మాట కూడా ఆయన విన్నాడు. వినలేదని చెప్పుకోవడానికి ఆయనకు ఏ దారీ లేదు.

రెండు నెలల క్రితం ఈలమ్మ కూతురికి నెలలు నిండాయి. కూతురు ఉండేది దూరపు ఊరిలో. తోడుగా ఉండడానికి మరెవరూ లేరు. ఈలమ్మ ఆరు వారాలు సెలవు పెట్టింది. నాలుగు సంవత్సరాలలో అది ఆమె మొదటి పొడవాటి సెలవు. ఆమె స్థానంలో, లిఫ్టును ఆపివేసిన తరువాత ఖాళీగా ఉన్న లిఫ్టు ఆపరేటరును వేశారు. గినీపిగ్‌ల సంరక్షణ సూచనలు పంజరం పక్కన గోడకు అంటించడానికి వ్రాసి ఇవ్వవలసిందిగా అధికారిణి గుమాస్తాను ఆదేశించారు. మూలం ఆఫీసు ఫైలులోనే ఉన్నది. గినీపిగ్‌లు వచ్చిన కొత్తలో పై ఆఫీసు వారు పంపిన, ఎనిమిది అంశాలు గల ఒక పత్రం. దాని శీర్షిక "కుందేలు మొదలైన చిన్న జంతువుల సంరక్షణ".

ఆయన అందమైన అక్షరాలతో నకలు తీస్తూ ఉండగా ఈలమ్మ వచ్చి భుజం వెనుక నిలబడింది. ఆమెకు వ్రాయడం అంతగా రాకపోయినా చదవడం వచ్చు.

"ఐదోది అలా వద్దండి. 'పచ్చి ఆకులు, కూరగాయలు వీలును బట్టి' అని ఉంది. వీలును బట్టి కాదు. రోజూ. ఒక్కోదానికి ఒక్కో క్యాప్సికమ్ ముక్క. ఆదివారమైనా, సెలవైనా."

"మూలంలో అలా లేదమ్మా."

"మూలం రాసినాయన కుందేలును మనసులో పెట్టుకుని రాశాడండి. సి విటమిన్ కుందేలు ఒంట్లో దానంతట అదే తయారవుతుందట. వీటికి అవదు, మనలాగే. బయట నుంచి పెట్టకపోతే కీళ్ళు వాచి, చిగుళ్ళు పగిలి చచ్చిపోతాయి. డాక్టరుగారు నాకు పదిసార్లు చెప్పారు."

"డాక్టరుగారు రాతపూర్వకంగా ఇచ్చారా?"

"ఆయన నాకు నోటితో చెప్పారు. నేను మీకు నోటితో చెబుతున్నాను. మీరు రాసేస్తే రాతపూర్వకమైపోతుంది కదండీ!"

గుమాస్తా నవ్వలేదు. "సవరణ కోరుతూ దరఖాస్తు పెట్టుకోండి. పైకి పంపుతాం. మంజూరై వస్తే కొత్త నకలు నేనే రాస్తాను," అన్నాడు.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"మూడు వారాలు. నాలుగు పట్టినా ఆశ్చర్యం లేదు."

"రేపు పొద్దున్నే నా బండి. అవతల పిల్లకి ఇవాళో రేపో అన్నట్టుంది." ఆమె పంతొమ్మిది సంవత్సరాలలో ఎన్నడూ పిలవని పిలుపు పిలిచింది. "అన్నయ్యగారూ, ఒక్క వాక్యం. నా మాట గాలికి పోతుంది. మీ అక్షరం గోడ మీద ఉంటుంది. మీ అక్షరం చూస్తే ఎవరైనా నమ్ముతారు."

ఆ మాటకు గుమాస్తా మనసు కరగవలసింది. కరగలేదు. తన చేతివ్రాతకు లభించిన ప్రశంసగా దానిని స్వీకరించి, లోలోపల సంతోషించి, తల వంచుకొని ఆరవ అంశం వ్రాయడం మొదలుపెట్టాడు.

ఈలమ్మ వెళ్ళేముందు లిఫ్టు ఆపరేటరును పంజరం ముందు కూర్చోబెట్టి అరగంట చెప్పింది. క్యాప్సికమ్ సంగతి మూడుసార్లు చెప్పింది. గోడ గుండా అదీ వినిపించింది. అతడు మంచివాడు. పని ఎగ్గొట్టే రకం కాదు. అందువల్లనే మరునాడు ఉదయం నేరుగా గుమాస్తా బల్ల దగ్గరకు వచ్చాడు.

"ఆవిడేమో రోజూ పెట్టమంది. కాగితమేమో వీలును బట్టి అంటోంది. నన్ను దేని ప్రకారం పొమ్మంటారు సార్?"

గుమాస్తా కలం ఆపకుండానే, "కాగితం ప్రకారం," అన్నాడు.

ఆ రెండు మాటలకు ఆయనకు మూలమేదీ లేదు. అవి ఆయన సొంత మాటలు.

లిఫ్టు ఆపరేటరు కాగితం ప్రకారమే పోయాడు. గడ్డి నింపాడు, నీళ్ళు మార్చాడు, కుందేళ్ళ పొడి దాణా కొలత తప్పకుండా పోశాడు, గుడ్డ ఉతికాడు. ఎనిమిది అంశాలకూ రోజూ టిక్కు పెట్టాడు. కూరగాయలకు మాత్రం మొదటి వారంలో రెండుసార్లు వీలైంది, తరువాత వీలు కాలేదు. సోమవారపు తూకం కాగితంలో లేదు కనుక అది ఆగిపోయింది. త్రాసు టపాకు మాత్రమే మిగిలింది. బల్ల శుభ్రంగా ఉన్నదని గుమాస్తా అనుకున్నాడు.

మొదటి రోజులలో వరండాలో ఎవరి చెప్పులు చప్పుడు చేసినా, ఆమేననుకొని కాబోలు, గోడ అవతల రెండూ ఈల వేసేవి. రానురాను ఒక్కటే వినిపించసాగింది. నాలుగవ వారంలో అదీ లేదు. ఆ వారం గుమాస్తా వార్షిక నివేదికకు నకలు తీస్తున్నాడు. నలభై పేజీలలో ఒక్క సిరా మరక పడలేదు. గది ఇంత ప్రశాంతంగా ఉంటే పని ఎంత చక్కగా సాగుతుందో అని తన భార్యతో కూడా చెప్పుకున్నాడు. ఆమె మాత్రం, "అదేమిటండీ, ఆ ఈలలేమయ్యాయి?" అని అడిగింది. తన బల్ల నుంచి లేచి వెళ్ళి చూడడానికి పట్టేది పన్నెండు అడుగులు. పిల్లల గది తన శాఖ కాదని ఊరుకున్నాడు.

మరునాడు లిఫ్టు ఆపరేటరు ముఖంలో నెత్తురు చుక్క లేకుండా వచ్చాడు.

"నల్లది లేవడం లేదు సార్. ముట్టుకుంటే కీచుమంటోంది. నిన్నటి నుంచి గడ్డి కూడా ముట్టలేదు. నేనేం తప్పు చేయలేదు సార్, టిక్కులు చూడండి."

పశువుల డాక్టరుగారు వచ్చి, బొగ్గు మోకాళ్ళు తడిమి, పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. "రోజూ క్యాప్సికమ్ పెడుతున్నారా?" అని అడిగారు. లిఫ్టు ఆపరేటరు గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా గోడ మీది తన అక్షరాల వైపు చూశాడు. బొగ్గు ఆ మరునాడు మధ్యాహ్నం లోపే పోయింది. దూది వయసులో చిన్నది, ఒంట్లో కాస్త సత్తువ ఉన్నది. పది రోజులు సిరంజీతో నోట్లో మందు చుక్కలు వేయగా నిలదొక్కుకుంది.

విచారణ జరిగింది. అధికారిణి అన్యాయం చేసే మనిషి కారు. ఆమె ముందున్నవి కాగితాలు మాత్రమే. లిఫ్టు ఆపరేటరు రోజూ టిక్కులు పెట్టి, మరేమీ చెప్పకుండా ముందుంచిన పత్రం ఒకటి. సెలవుపై వెళ్ళిన ఆయా వ్రాసి ఇచ్చిన సూచన మాత్రం ఒక్కటీ లేదు. ఉత్తర్వు చిత్తుప్రతి గుమాస్తా బల్ల మీదకు వచ్చింది. సదరు ఆయా సెలవుపై వెళ్ళుటకు ముందు తగిన సూచనలు ఇవ్వనందున ఆమెను నేలమాళిగలోని పాత పత్రికల గదికి మార్చడమైనదనీ, మిగిలిన జంతువును ఈ నెల ముప్పయ్యవ తేదీన దరఖాస్తు చేసుకున్నవారికి ఇచ్చివేయవలసినదనీ అందులో ఉన్నది.

"తగిన సూచనలు ఇవ్వనందున" అన్నచోట గుమాస్తా చేయి ఆగింది. ఆ సూచన ఆమె ఇచ్చింది. గోడ మీద వ్రాయమని అడిగినది తననే. ఆ సంగతి తెలిసినవాడు ఆ భవనంలో తాను ఒక్కడే. లేచి పక్క గదిలోకి వెళ్ళి ఒక మాట చెబితే సరిపోయేది. ఆయన కలంలో సిరా నింపుకొని, ఆ వాక్యం పూర్తి చేసి, మరి రెండు ప్రతులు తీశాడు.

ఈలమ్మ మనవరాలి ఫోటోలు పట్టుకొని తిరిగి వచ్చింది. మొదట ఫోటోలు చూపించింది. ఉత్తర్వు చేతికి అందినది ఆ తరువాతనే. నిలబడి మొత్తం చదివింది.

"ఇది మీ అక్షరమే కదండీ?"

"నకలు రాశానమ్మా."

"చదివే రాశారా?"

గుమాస్తాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు. ఆమె తిట్టలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోటోల మధ్య దాచుకుంది.

"బొగ్గు ఎన్ని రోజులు బాధపడిందండి?"

"తెలియదమ్మా."

"పక్కనే ఉన్నారు కదా," అన్నది. అందులో నిష్ఠూరం కూడా లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తరువాత, "దూదిని చూడకూడదని ఇందులో ఎక్కడైనా ఉందా?" అని అడిగింది.

"లేదు."

"అయితే చూస్తాను."

గుమాస్తా ఆమె వెంట వెళ్ళాడు. ఆ గదిలో పంజరం దగ్గరగా ఆయన అడుగు పెట్టడం, డాక్టరుగారు వచ్చిన రోజు తరువాత, అది రెండవసారి. దూది అట్టపెట్టెలో మూలకు ముడుచుకొని ఉన్నది. గడ్డి వేసినది వేసినట్లే ఉన్నది. ఈలమ్మ రెండు చేతులతో ఎత్తి ఒళ్ళోకి తీసుకుంది.

"బరువు తగ్గింది. చేతికే తెలుస్తోంది. మందు పనిచేసింది గానీ, ఇది దిగులు. ఒంటరిగా బతకలేవండి ఇవి. రాత్రీ పగలూ ఒకదానితో ఒకటి గొణుక్కుంటూ ఉండాలి. ఎవరికిస్తున్నారట?"

"గడియారాల దుకాణదారు ఒకాయన దరఖాస్తు పెట్టాడు. షోకేసులో పెట్టుకుంటాడట, వచ్చేపోయేవాళ్ళకి ఆకర్షణగా ఉంటుందని."

"అద్దాల పెట్టెలోనా? ఎండలో?" ఆమె దూదిని ఇంకా దగ్గరగా పొదువుకుంది. "నన్ను కింద గదికి పంపితే పంపారు, అక్కడా మనుషులే పనిచేస్తున్నారు. దీన్ని మాత్రం అలా ఇవ్వొద్దని చెప్పండి అన్నయ్యగారూ. దీనికి ఇంకో తోడు తెచ్చి, తెలిసినవాళ్ళ చేతిలో పెట్టమనండి. నేను కాకపోయినా సరే."

తనకు ద్రోహం చేసిన మనిషిని ఆమె ఇంకా అన్నయ్యగారూ అనే పిలిచింది. ఆయనకు ముఖం చెల్లలేదు.

ఆ మధ్యాహ్నం గుమాస్తా గోడ మీది పత్రంలో ఐదవ అంశాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి, ఈలమ్మ చెప్పిన వాక్యాన్ని ఆమె చెప్పినది చెప్పినట్టుగా వ్రాశాడు. ఎవరి మంజూరూ అడగలేదు. తరువాత అధికారిణి గదికి వెళ్ళి, జరిగినదంతా నిలువుకాళ్ళ మీద నిలబడి చెప్పాడు.

ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టారు. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?" అని అడిగారు.

"ఎవరూ అడగలేదండి," అని, అది కూడా సరైన సమాధానం కాదని తోచి, "నాకు భయం వేసిందండి," అన్నాడు.

"నోటి మాట మీద ఉత్తర్వు రద్దు చేయలేను. రాసి ఇవ్వండి. కమిటీ ముందు పెడతాను."

ఆ విధంగా ఇది వ్రాయబడినది. దీనికి మూలప్రతి లేదు. ఇందులో తప్పులు ఏవైనా ఉంటే అవి వ్రాసినవానివే. ఈలమ్మ ఇప్పుడు నేలమాళిగలో పాత పత్రికల కట్టలు విప్పి ఆరబెడుతున్నది. మధ్యాహ్న విరామంలో అన్నం త్వరగా ముగించి, పైకి వచ్చి దూదికి చేతితో తినిపించి వెళ్తున్నది. ఆమె వచ్చిన పూట అది కొద్దిగా తింటున్నది, రాని పూట ముట్టడం లేదు. దానిని ప్రతిరోజూ తూచి చూసిన మీదట గుమాస్తా ఈ మాట చెబుతున్నాడు.

కావున గ్రంథాలయ కమిటీ వారికి నకలు గుమాస్తా వినయపూర్వకంగా మనవి చేసుకునేది ఏమనగా: ఆయా తగిన సూచనలు ఇచ్చియున్నదనీ, వాటిని వ్రాయడానికి నిరాకరించినదీ, కాగితం ప్రకారం నడవమని చెప్పినదీ తానేననీ, లిఫ్టు ఆపరేటరు వల్ల కూడా ఏ తప్పూ జరగలేదనీ ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాడు. ఆయాపై జారీ అయిన ఉత్తర్వును రద్దుచేసి ఆమెను తిరిగి పిల్లల గదికి పంపవలసిందిగానూ, పాత పత్రికల గదికి ఎవరినైనా పంపక తప్పదనుకుంటే తనను పంపవలసిందిగానూ ప్రార్థిస్తున్నాడు. బొగ్గు విషయంలో కోరడానికి ఏమీ మిగలలేదు. దూది విషయంలో ముప్పయ్యవ తేదీకి ఇంకా నాలుగు రోజుల వ్యవధి ఉన్నది. ఆ లోపుననే దుకాణదారు దరఖాస్తును త్రోసిపుచ్చి, దానికి తోడుగా మరొక ఆడ గినీపిగ్‌ను తెప్పించి, రెండింటినీ ఈలమ్మ సంరక్షణలో ఉంచుతూ ఉత్తర్వు దయచేయవలసిందిగా మనవి.